ఇప్పలబండకు ఇక్కడితనం సరఫరా

జలాశయం కోసం ఇప్పలబండ గ్రామాన్ని ప్రభుత్వం సేకరించినప్పుడు బావులు, బోర్లు, చింతచెట్లు, పశువుల కొట్టాలతో పాటు ఆ ఊరి ‘ఇక్కడ’ను కూడా సేకరించింది. నోటిఫికేషన్‌లో అది బావుల తర్వాత, చెట్లకు ముందు ఉంది. అభ్యంతరాలుంటే గడువులోగా తెలపాలని పంచాయతీ గోడకు కాగితం అంటించారు. బావుల లోతు తక్కువ రాశారని, చెట్ల వయసు తప్పు వేశారని జనం అభ్యంతరాలు పెట్టారు. ‘ఇక్కడ’ గురించి ఒక్కరూ పెట్టలేదు. అలాంటిది ఒకటి తమ దగ్గర ఉందని అంతవరకు ఎవరూ అనుకోలేదు.

సేకరణకు కారణం సాంకేతికమైనది. ఒక ప్రాంతాన్ని నీటికి అప్పగించాలంటే ముందు అది ఖాళీ అయినట్టు ధ్రువీకరించాలి. ఏ ఒక్క మనిషి ఒడ్డున నిలబడి, నీళ్లవైపు వేలు చూపించి, “మా ఇల్లు ఇక్కడ” అన్నా ఆ ధ్రువీకరణ చెల్లదు. ఇంజినీర్లకు ఈ చిక్కు ముందే తెలుసు కాబట్టి జాగ్రత్త పడ్డారు. ‘ఈ’, ‘ఇది’ అనే మాటల్ని మాత్రం వదిలిపెట్టారు. అవి వస్తువులకు చెందినవి, చరాస్తి కిందికి వస్తాయి. ‘ఇప్పుడు’ జోలికి కూడా పోలేదు. కాలం భూసేకరణ పరిధిలోకి రాదు.

స్వాధీనం చేసుకున్న రోజు పెద్ద తేడా కనిపించలేదు. లారీల్లో సామాన్లు వేసుకుని జనం మండల కేంద్రం పక్కన కట్టిన పునరావాస కాలనీకి చేరారు. మంచం ఎక్కడ దించాలని హమాలీలు అడిగితే ఇంటివాళ్లు నోరు తెరిచారు. మాట రాలేదు. గొంతు బాగానే ఉంది, నాలుక బాగానే ఉంది. ఆ మాట ఉండే చోటు మాత్రం ఊడిన పన్ను సందులా ఉంది. వేలితో చూపించి సామాన్లు దింపించుకున్నారు.

కొద్ది రోజుల్లోనే జనం ఒక తోవ కనిపెట్టారు. ‘ఇక్కడ’ అన్నది బడిలో నేర్చుకున్న మాట. వాళ్ల నోట పుట్టినప్పటి నుంచి ఉన్నది ‘ఈడ’. నోటిఫికేషన్‌లో ‘ఈడ’ లేదు. దాంతో కాలనీ అంతా ఒక పండగలాంటిది జరిగింది. ఈడ కూసో, ఈడ పెట్టు, ఈడ నీడున్నది అని అవసరం లేకపోయినా ఒకరికొకరు చెప్పుకున్నారు. తర్వాత సవరణ వచ్చింది. ‘ఇక్కడ’ అన్న చోట ‘ఇక్కడ, ఈడ, గీడ, ఇటు, ఇగో మరియు వాటి అన్ని రూపాలు’ అని చదువుకోవలెను. ఆ సవరణ అమల్లోకి వచ్చిన క్షణంలో రచ్చకట్ట మీద బీడీ ముట్టించుకుంటున్న ఒక పెద్దమనిషి పక్కవాణ్ని పిలుస్తూ ‘గీ’ దాకా అన్నాడు. మిగతా సగం మింగేసి బీడీ కాల్చుకున్నాడు.

ఇక ‘అక్కడ’ ఒక్కటే మిగిలింది. దాంతోనే సంసారాలు నడిపారు. కాలనీ మొదటి వరసలో ఉండే కొమురవ్వ ఇంటికి ఆమె వియ్యంకుడు వచ్చాడు. ఆమె తన అరుగు చూపించి, “అక్కడ కూసో అన్నా, చాయ తెస్త” అంది. మర్యాదస్తుడు కాబట్టి ఆయన లేచి పోయి పక్కింటి అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటివాళ్లు చాయ ఇచ్చారు. తాగి వెళ్లిపోయాడు. తెల్లారి ఫోన్ చేశాడు.

“ఇంట్లకు రావద్దనుకుంటే చెప్పకపోయినవా చెల్లే. పక్కింటోళ్ల అరుగు మీద కూసోబెడుతవా?”

“నేనన్నది మా అరుగే అన్నా.”

“మీ అరుగైతే అక్కడ అంటరా ఎవరన్న?”

కొమురవ్వ దగ్గర జవాబుంది, జవాబు చెప్పే మాట లేదు. రెండు కుటుంబాలు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు.

ఫోన్ వచ్చినప్పుడల్లా అందరికీ కష్టమే అయింది. ఎక్కడున్నవ్ అని అడిగితే కాలనీవాళ్లు ఊరుకునేవారు. మొగుళ్లకు పెళ్లాల మీద, పెళ్లాలకు మొగుళ్ల మీద అనుమానాలు పెరిగాయి. ఒకసారి ఒక ముసలాయనకు గుండె నొప్పి వస్తే అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఎక్కడికి రావాలంటే “ఇప్పలబండ, అక్కడికే” అన్నారు. అంబులెన్సు నిజాయితీగా ఇప్పలబండకే వెళ్లింది. జలాశయం కట్ట మీద ఆగి, నీళ్ల వైపు చూస్తూ కాసేపు సైరన్ మోగించి, రోగి అందుబాటులో లేడని రాసుకుని తిరిగి వచ్చింది. ముసలాయనను ట్రాక్టర్‌లో తీసుకుపోయారు. బతికాడు. ఆయన అదృష్టం మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కొమురవ్వ కోడలు నవనీతకు వచ్చిన ఇబ్బంది వీటితో పోలిస్తే చిన్నది, పూర్తిగా ఆఫీసు వ్యవహారం. కాలనీకి అంగన్‌వాడీ కేంద్రం మంజూరైంది. టీచరు ఉద్యోగానికి వివాహిత అయి ఉండాలి, చదువు ఉండాలి, స్థానికురాలై ఉండాలి. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి నవనీత. పెళ్లి కూడా అయింది. మిగిలింది మూడోది. కాగితాల మీద స్థానికత ఎవరైనా పుట్టించుకుంటున్నారని, దాన్ని అభ్యర్థి నోటితో చెప్పాలని నిబంధన మార్చారు. ఇంటర్వ్యూలో “మీది ఎక్కడమ్మా?” అని అడుగుతారు. “ఇక్కడే” అనాలి. అంతే.

మొదటి ఇంటర్వ్యూలో నవనీత నోరు తెరిచి కూర్చుంది. ఇక లాభం లేదని వేలితో నేల చూపించింది. సంజ్ఞలు లెక్కలోకి రావన్నారు. ‘నివాసం విషయంలో అభ్యర్థి మౌనం వహించారు’ అని రాసుకున్నారు. కాలనీ నుంచి వచ్చిన మిగతా ఆడవాళ్లు కూడా ఇలాగే మౌనం వహించారు. మరోసారి ఇంటర్వ్యూ పెడతామని, అప్పటికీ స్థానికురాలు దొరక్కపోతే కేంద్రాన్ని హైవే అవతలి ఊరి కేంద్రంలో కలిపేస్తామని చెప్పారు. అప్పుడు కాలనీ పిల్లలు లారీల మధ్య నుంచి రోడ్డు దాటాలి. ఆ పిల్లల్లో నవనీత కూతురు కూడా ఉంది. పైగా నవనీతకు ఆ ఏడాదితో వయసు పరిమితి దాటిపోతుంది.

ఆమె డిప్యూటీ తహసీల్దారు జనార్దన్ చారిని కలిసింది. చారి చెడ్డవాడు కాదు. కాలనీవాళ్లు వస్తే లేచి కుర్చీ జరిపేవాడు.

“మా మాట మాకు ఇప్పియ్యిన్రి సార్,” అంది నవనీత.

“ఎట్లిస్తనమ్మా. అది నీళ్ల అడుగున ఉన్నది. మట్టం పూర్తిగ దిగితే తప్ప తీయరాదు. దిగకుంట ఉండాలనే గద ప్రాజెక్టు.”

“మండలంల అందరు అంటనే ఉన్నరు గద సార్. వాళ్లది మేము వాడుకోవద్దా?”

“వాళ్లది వాళ్ల పరిధిలనే పనిచేస్తది. నాకు నా ఆఫీసుల ఉన్నది. మీ ముంగట అది అనుడు బాగుండదని నేనే తక్కువ వాడుతున్న, చూస్తలేవా?”

నవనీత గమనించింది. ఆయన అటెండరును పిలిచేటప్పుడు కూడా చప్పట్లు కొడుతున్నాడు.

“మరి మేమెట్ల సార్?”

“వాపసు అని రాయకు. వాపసు అంటే ఫైలు కదలది. ప్రత్యామ్నాయం అని రాయి. కదుల్తది.”

ఆమె ప్రత్యామ్నాయం అని రాసింది. ఫైలు కదిలింది. పదాల సరఫరాకు టెండరు పిలిచారు. వచ్చినవాటిలో సంస్కృతం ‘అత్ర’ ఉంది. దాన్ని రోజూ ఇళ్లల్లో వాడే మనుషులను చూపించలేక సాంకేతిక దశలోనే తిరస్కరించారు. ఇంగ్లీషు ‘హియర్’ నాణ్యత బాగుంది గాని, జిల్లాలో ఉన్న స్టాకంతా వెంచర్ల బోర్డులకు ముందే బుక్కయిపోయింది. హిందీ ‘యహాఁ’ తీసుకుంటే దాని వెనకే ‘ఆప్ కహాఁ సే’, అంటే మీరెక్కడివాళ్లు అన్న ప్రశ్న కూడా తీసుకోవాలట, విడిగా ఇవ్వరట. చివరకు బెలారస్ దేశపు పదమొకటి మిగిలింది. తుతేయ్‌షస్త్స్. నామవాచకం, భావవాచకం, చాలాకాలంగా వాడుకలో ఉన్నది, భూమి చేతులు మారిన సందర్భాల్లో పనిచేసిన అనుభవం ఉన్నది. ఇలాంటి అనుభవం టెండరు నిబంధనల్లో ముఖ్యమైనది. ఖరారు చేశారు.

పదంతో పాటు శిక్షణ కూడా ఇవ్వాలి. బెలారస్‌లో వైద్యం చదివి వచ్చి, మన దగ్గర పరీక్ష ఇంకా గట్టెక్కక మండల కేంద్రంలో తండ్రి చెప్పుల షాపులో కూర్చుంటున్న ఉదయభాస్కర్‌ను ఔట్‌సోర్సింగ్ కింద తీసుకున్నారు. కాలనీ కమ్యూనిటీ హాల్లో క్లాసు పెట్టారు. మొదటి రోజు ఆయన బోర్డు దగ్గరకు పోయేలోపే ముందు వరసలోని కొమురవ్వ కాలు చాపింది.

“డాక్టరు సారూ, మోకాలు గుంజుతుంది. ఒక గోలి రాసియ్యి.”

“నేనింక డాక్టర్ను కానమ్మా. పరీక్ష పాస్ కావాలె.”

“చదివొచ్చిన దేశంల డాక్టరువే గద?”

“అక్కడ డాక్టర్నే.”

“అయితే మాలెక్కనే ఉన్నవ్ బిడ్డా,” అంది కొమురవ్వ. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. తర్వాత బోర్డు మీద రాశాడు.

‘తుత్’ అంటే ఇక్కడ. ‘తుతేయ్‌షి’ అంటే ఇక్కడివాడు. చివర వచ్చే ‘అస్త్స్’ మన ‘తనం’ లాంటిది, మంచితనం, చిన్నతనంలో ఉన్నట్టు. మొత్తం కలిపితే ఇక్కడితనం. ఉదయభాస్కర్ మండల కేంద్రంవాడు కాబట్టి ‘ఇక్కడ’ అని హాయిగా అనగలిగాడు. ఆయన అన్న ప్రతిసారీ కాలనీవాళ్లు ఆయన నోటివైపు, పెళ్లిలో వేరే పంక్తిలో వడ్డిస్తున్న లడ్డూ వైపు చూసినట్టు చూశారు.

“మనిషిని నా కాడికి రమ్మని పిలువాలంటే దీంతోని ఎట్ల పిలువాలె?” అని ఒక పెద్దాయన అడిగాడు.

“దీంతో పిలువరాదు పెద్దయ్యా. ఇది గుణం పేరు.”

“మాకు గుణమెందుకు కొడుకా? మేమడిగింది జాగ.”

“టెండర్ల గుణమే ఉన్నది.”

పెద్దాయన పక్కవాళ్లను చూశాడు. పక్కవాళ్లు బోర్డును చూశారు. జాగా లేకుండా జాగా తాలూకు గుణం మాత్రం ఎలా వస్తుందని ఒకరిద్దరు గొణిగారు. నవనీత మాత్రం రాసుకుంది. ఆమెకు ఇంటర్వ్యూలో పిలవాల్సిన పని లేదు. చెప్పాల్సిన పనే ఉంది.

పదం పుట్టుక గురించి ఉదయభాస్కర్ పుస్తకంలో చదివింది కొంత, విన్నది కొంత చెప్పాడు. ఆ దేశం మధ్యలో ఉంది. ఒక రాజ్యం వచ్చి తీసుకునేది, ఇంకో రాజ్యం వచ్చి గుంజుకునేది. సరిహద్దు గీతలు జనం నెత్తి మీదుగా అటూ ఇటూ పోయేవి. ప్రతి రాజ్యంవాళ్లూ కాగితాలు పట్టుకుని వచ్చి, మీరెవరు, మీది ఏ జాతి అని అడిగేవారు. రైతులు “మేం ఇక్కడివాళ్లం” అనేవారు. వచ్చినవాళ్ల కాగితాల్లో ఆ గడి ఉండేది కాదు. అదే జవాబు చాలాసార్లు వచ్చేసరికి దానికి ‘తనం’ తగిలించి ఒక మాట చేశారు.

“కొందరు గర్వంగ వాడతరు,” అన్నాడాయన. “కొందరు వెక్కిరింపుకు. మీరెవరో మీకే తెల్వదా అని. రెండూ ఉన్నయి, నేను దాచిపెట్టొద్దు.”

“నువ్వెవరి దగ్గర నేర్చుకున్నవ్ సారూ?” అని నవనీత అడిగింది.

“మా హాస్టల్ వార్డెన్ దగ్గర. గాలీనా అని ముసలామె. మీరు రష్యా వాళ్లా, పోలండ్ వాళ్లా అని అడిగిన. చీపురు ఆపకుంటనే తుతేయ్‌షయా అన్నది, ఇక్కడిదాన్ని అని. తర్వాత నన్నడిగింది. ఇండియా అన్న. ఇండియాల ఎక్కడ అన్నది. తెలంగాణ అన్న. దాంట్ల ఎక్కడ అన్నది. జిల్లా చెప్పిన, మండలం చెప్పిన, చెప్పుకుంట చెప్పుకుంట మా ఇంటి పక్క కిరాణం దాకా వచ్చిన. అప్పటికి ఆమె రెండు గదులు ఊడ్చింది.”

నేర్చుకోవడంలో అసలు చిక్కు మొదటి అక్షరంలో వచ్చింది. కాలనీ పిల్లలు ఆ పదాన్ని వినగానే ‘తూచ్’ అన్నారు. గోలీలాటలో, అంటుకునే ఆటలో, ఓడిపోయేవాడు తూచ్ అంటే ఆ ఆట లెక్కలోకి రాదు. పెద్దలకు కూడా చిన్నప్పటి నోళ్లే కాబట్టి ‘తుతేయ్’ అనబోయి సగంలో తడబడి ‘తూచ్’ దగ్గర ఆగిపోయేవారు. రేషన్ షాపు దగ్గర ఒకాయన తన స్థానికత చెప్పబోయి తూచ్ అన్నాడు. డీలరు ఆయన బియ్యం వెనకవాడికి పోశాడు.

“నా బియ్యం గదా అది.”

“నువ్వే తూచ్ అంటివి. నలుగురు విన్నరు.”

ఫిర్యాదు చారి దాకా పోయింది. ఆయన పై అధికారులను స్పష్టత అడిగాడు. సర్క్యులర్ వచ్చింది. సరఫరా చేసిన పదాన్ని పూర్తిగా ఉచ్చరించవలెను. ‘తూచ్’ అని పలికిన యెడల దరఖాస్తుదారు తన కోరికను స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నట్టు భావించబడును. ఆ తర్వాత కాలనీలో పిల్లలు గోలీలాటలో కూడా తూచ్ అనడం మానేశారు. ఓడిపోతే ఓడిపోయినట్టే ఉండేవారు.

నవనీత అన్నం వండుతూ, గిన్నెలు తోముతూ, కూతురికి జడ వేస్తూ ఆ పదాన్ని సాధన చేసింది. మొదటి అక్షరం కుదిరింది. చివరిది కుదరలేదు.

“ఆఖరుకొచ్చేసరికి ఎవరో సచ్చిపోయినట్టు జాలి పడుతున్నవ్ పిల్లా,” అంది కొమురవ్వ. “త్చు త్చు అన్నట్టున్నది.”

“అట్లనే ఉంటదట అత్తమ్మా మాట.”

“ఉంటే ఉండనీ. జాలి ఆ దేశమోళ్లకు పెట్టు. నీ నోట్లకెల్లి వచ్చేటప్పుడు పప్పుల పోపేసినట్టు రావాలె. ఛస్స్ అనాలె.”

నవనీత పోపు గుర్తుపెట్టుకుని అంది. బాగా వచ్చింది. కొమురవ్వ కూడా ఒకసారి అనబోయి, తూ దగ్గరే ఆగి, తనకు ఏ ఉద్యోగమూ అక్కర్లేదు కాబట్టి ప్రమాదమేమీ లేదని సమాధానపడింది.

ఇంటర్వ్యూ రోజు కమిటీలో శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు అధికారిణి హేమలత, రెవెన్యూ తరఫున చారి ఉన్నారు. బయట బెంచీ మీద ఉదయభాస్కర్ కూర్చున్నాడు. పదం చెడిపోతే అక్కడికక్కడే బాగు చేసి ఇవ్వాలని అతని ఒప్పందంలో ఉంది.

“మీది ఎక్కడమ్మా?” అని హేమలత అడిగింది.

“నాది తు,” అంది నవనీత.

ఆగిపోయింది. చారి చేతిలో పెన్ను ‘ఉపసంహరణ’ అన్న గడి పైన గాలిలో ఉంది. ఆయన ఆ పెన్నును కిందికి దించలేదు, పక్కకు జరిపి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. నిబంధనల ప్రకారం అలా ఆగకూడదు, కాని ఆగాడు. నవనీత ఊపిరి పీల్చుకుంది.

“నాది తుతేయ్‌షస్త్స్ మేడం.”

హేమలత సర్క్యులర్‌లో ఉన్న అక్షరాలతో విన్న అక్షరాలను పోల్చుకుంది. సరిపోయాయి. అయినా ఆమె తన పని శ్రద్ధగా చేసే మనిషి. పదం ఒక్కటే చాలదు, అర్థం కూడా తెలిసి ఉండాలని అడిగింది. నవనీత చెప్పింది. ఇక్కడితనం అన్న తెలుగు మాట ఆమె నోట రాదు కాబట్టి చుట్టూ తిరిగి చెప్పింది. రాజ్యాలు మారాయి, గీతలు మారాయి, అడిగేవాళ్లు మారారు, వాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నారు, ఎవరు మీరంటే ఉన్నచోటు చెప్పారు, ఆ చెప్పుకోవడం పేరే అది.

“అంటే కదలనివాళ్లకు వచ్చిన పేరు,” అంది హేమలత.

“అవును మేడం.”

“మీరు కదిలారు కదా అమ్మా?”

చారి బల్ల వైపు చూశాడు. టెండరు ఖరారు చేసిన కమిటీలో ఆయన కూడా ఉన్నాడు. ఈ సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. బయట బెంచీ మీద ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు గాని, బాగు చేయాల్సింది ఉచ్చారణ కాదని తెలిసి మళ్లీ కూర్చున్నాడు.

నవనీత తొందరపడలేదు.

“వాళ్ల దిక్కు సర్కార్లు మారినయి మేడం, మనుషులు మారలే. మా దిక్కు సర్కారు మారలే, మనుషుల్ని మార్చిన్రు. ఎవరో ఒకరు కదలాలె గద. వాళ్లకు పైవాళ్లు కదిలిన్రు, మాకు మేము కదిలినం. అడిగేవాళ్లు మటుకు గప్పుడు గట్లనే అడిగిన్రు, గిప్పుడు గట్లనే అడుగుతున్నరు.”

హేమలత దీన్ని ఎక్కడ రాయాలో చూసింది. గడి లేదు. చారి గొంతు సవరించుకున్నాడు.

“మేడం, పదాన్ని ‘ఉన్నది ఉన్నట్టు’ అనే ప్రాతిపదికన తీసుకున్నం. వాడేవాళ్లకు అర్థం పూర్తిగ సరిపోకపోతే సరఫరాదారుకు బాధ్యత లేదు. వాడేవాళ్ల మీద కూడ ఉండదు. రూల్ ఉన్నది.”

“రూల్ ఉందా?”

“ఉన్నది మేడం.”

రూల్ ఉందని విన్నాక హేమలత ముఖంలో మొదటిసారి విశ్రాంతి కనిపించింది. ఆమెకు కూడా పిల్లలు రోడ్డు దాటడం ఇష్టం లేదు. స్థానికురాలు అన్న చోట సంతకం చేసింది. నవనీత బయటకు వచ్చి, బెంచీ మీద ఉన్న ఉదయభాస్కర్‌కు పదం చెడిపోలేదని చెప్పింది. తర్వాత కూతురికి బిస్కెట్ ప్యాకెట్ కొనడానికి పోయింది.

ఆ తర్వాత కాలనీ ఊపిరి పీల్చుకుంది. అంగన్‌వాడీ తెరిచారు. పిల్లలు గుడ్డు తిని, పాటలు పాడి, పగలు నిద్రపోయి, రోడ్డు దాటకుండానే ఇళ్లకు పోయారు. ఫోన్లలో ఎక్కడున్నవ్ అని అడిగితే జనం తుతేయ్‌షస్త్స్ అన్నారు. అవతలివాళ్లకు అర్థం కాకపోయినా ఏదో ఒక జవాబు వచ్చింది కాబట్టి తృప్తి పడ్డారు. అంబులెన్సు డ్రైవరుకు కూడా తెలిసిపోయింది. ఆ మాట అనేవాళ్లు జిల్లా మొత్తంలో ఇంకెవరూ లేరు. అది వినపడితే బండి నేరుగా కాలనీకి రావాలి. అలా వచ్చి ఒక కాన్పు కేసును వేళకు ఆసుపత్రిలో చేర్చాడు. కొమురవ్వ వియ్యంకుడు మనవరాలి పుట్టినరోజుకు వచ్చి, ఈసారి ఎవరూ ఏమీ అనకముందే అరుగు మీద కూర్చున్నాడు.

ఏడాది తిరక్కుండానే హైవే నుంచి జలాశయం వరకు రోడ్డు వెడల్పు చేయాలని నిర్ణయం వచ్చింది. జలాశయం చూడటానికి వచ్చే జనం ఎక్కువయ్యారు. కొత్త రోడ్డు గీత కాలనీ మధ్యగా పోయింది. ఈ కబురు కాగితం మీద కాకుండా స్వయంగా చెప్పాలని చారి వచ్చాడు. నవనీత అంగన్‌వాడీ బయట కుర్చీ వేసింది.

“ఎప్పటి వరకు సార్?” అని అడిగింది.

“చెప్తరు. దూరమేం కాదు, గుట్ట అవతల జాగ చూసిన్రు.”

“నా ఉద్యోగమెట్ల సార్? మళ్ల ఇంటర్వ్యూ ఉంటదా?”

“ఉండదమ్మా. అదే చెప్దామని వచ్చిన. మీ పాత మాట భూమికి అంటుకొని ఉండె, అందుకే పోయింది. ఇది అంటుకోదు. గుణం గద. సర్వేలో చరాస్తి అని రాసిన్రు. మీరు ఎటు పోతే అటు వస్తది, నువ్వు ఎటు పోతే అటు స్థానికురాలివే. కేంద్రం కూడ మీ ఎంబడే వస్తది.”

నవనీతకు అప్పుడు ఆకలి తెలిసింది. లోపలికి పోయి పిల్లలకు కలిపిన పప్పన్నంలోంచి రెండు ముద్దలు తిని వచ్చింది. సాయంత్రానికి మాట కాలనీ అంతా పాకింది. ఈసారి పోయేవి గోడలేనని, నోట్లోది నోట్లోనే ఉంటుందని తెలిసి జనం కుదుటపడ్డారు. అభ్యంతరాల గడువు ప్రకటించారు. గోడల కొలతల మీద తప్ప వేరే అభ్యంతరాలు రాలేదు.

“మేలు బిడ్డా,” అంది కొమురవ్వ. “పోయినసారి లెక్క గొంతు పట్టదు.”

ఆ కొలతలు మళ్లీ చూడటానికి సర్వేయరు వచ్చిన రోజు టేపు రెండో కొస పట్టుకునే మనిషి సెలవు పెట్టాడు. సర్వేయరు నాలుగు దిక్కులా చూసి, గడపలో నిలబడి ఉన్న నవనీతను సాయం అడిగాడు. పిల్లలు పడుకున్నారు కాబట్టి ఆమె వచ్చింది. టేపు కొస తీసుకుని, అంగన్‌వాడీ గోడ మూలకు ఆనించి, వంగి పట్టుకుంది. సర్వేయరు టేపు లాక్కుంటూ వీధి చివరిదాకా పోయాడు.

“సరిగ్గ ఉన్నదా సార్?” అని ఆమె గట్టిగా అడిగింది.

“ఉన్నదమ్మా. అట్లనే పట్టుకో. కదలకు.”

ఆమె కదలలేదు.